దాచినవాళ్ల కథ తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలి

అరవై లక్షల మంది యూదుల్ని నాజీలు చంపారని బోర్డు మీద రాస్తే పిల్లలు దాన్ని నోట్సులో ఎక్కించుకుని ఊరుకుంటారు. ప్రాణాలకు తెగించి యూదుల్ని దాచిన ఇరుగుపొరుగు గురించి చెప్పాలంటే బియ్యం కార్డు దగ్గర మొదలుపెట్టండి. విశాఖలో మా బడి జాలరిపేట పక్కనే. ఇక్కడ ఏ పిల్లనడిగినా కార్డులో ఎన్ని పేర్లున్నాయో చెబుతుంది. "పేర్లు నాలుగే, తినేది పన్నెండు మంది. మిగతా బియ్యం ఎలా తెస్తారు? డిపో ఆయనకు అనుమానం రాదా?" అని అడిగి, కాసేపు వాళ్లనే మాట్లాడనివ్వండి.

అప్పుడు నాజీల చేతిలో ఉన్న నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ చెప్పండి. అక్కడ ఓ ఆఫీసు పైన, డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్‌తో కలిపి దాక్కున్నది ఎనిమిది మంది. వాళ్లకు సరుకులు తెచ్చే మీప్ గీస్ భర్త రహస్యంగా రేషన్ కూపన్లు సంపాదించేవాడు. కూరగాయల కొట్టు వాన్ హూవే ఇన్నెందుకని అడక్కుండా ఇచ్చేవాడు. తన ఇంట్లో ఇద్దరు యూదుల్ని దాచినందుకు 1944 మే నెలలో ఆయన్నే పట్టుకుపోయారు. కింద పనివాళ్లు ఉన్నంతసేపూ పైన చెప్పులు వేసుకోకూడదు, మరుగుదొడ్డిలో నీళ్లు వదలకూడదు. అలా 1942 జులై నుంచి పట్టుబడేదాకా రెండేళ్లు. క్లాసులో దాక్కునే ఆట మాత్రం ఆడించకండి. వాళ్ల భయం ఆటలో రాదు.

కాలం గుర్తుండాలంటే 1942 ఏప్రిల్ 6 చెప్పండి. ఆ రోజు జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులేశాయి, జనం పల్లెలకు పోయారు. తేదీ కోసమే ఇది, రెండు కష్టాలూ ఒకటేనన్నట్టు చెప్పొద్దు.

డెన్మార్క్ దగ్గర మా పిల్లలకు హుషారొస్తుంది. "మనుషుల్ని బోటులో ఎక్కడ దాస్తారు?" అంటే "చేపలేసే అరలో" అని టక్కున చెబుతారు. 1943 అక్టోబరులో అక్కడి జాలర్లు, ఇంకా ఎందరో కలిసి సుమారు 7,200 మంది యూదుల్ని నాజీల చేతిలో లేని స్వీడన్‌కు దాటించారు. పట్టుబడితే బోటు పోతుందని చాలామంది జాలర్లు డబ్బు తీసుకున్నారు, లేనివాళ్ల కోసం చందాలు పోగుచేశారు. ఇది కూడా చెప్పాలి.

పోలండ్‌ను చివరికి ఉంచండి. అక్కడ యూదులకు చోటిస్తే మరణశిక్షే. మార్కోవా అనే ఊళ్లో 1944 మార్చి 24న ఉల్మా దంపతుల్నీ, వాళ్ల పిల్లల్నీ, వాళ్లు దాచిన ఎనిమిది మందినీ కాల్చేశారు. మెత్తబరచకుండా చెప్పి, బెల్లు కొట్టేలోపు ప్రశ్నలకు టైమ్ ఉంచండి. "ఆన్ వాళ్లను ఎవరు పట్టిచ్చారు సార్?" అని తప్పకుండా అడుగుతారు. ఇప్పటికీ తేలలేదని చెప్పండి. నెదర్లాండ్స్‌లో యూదుల్ని పట్టిస్తే తలకింత అని డబ్బు ముట్టేదనీ చెప్పండి. లేకపోతే అందరూ దాచారనుకుని ఇంటికి పోతారు.