ఎండు కర్రను చెదలు ఎంత తిన్నాయో తూచి తేల్చడం ఎలా?

మహారాష్ట్రలోని సిరోంచ వైపు అడవిలో రాలిన కొమ్మ చూస్తుండగానే గుల్లబారుతుంది. అందులో పురుగుల వంతెంత, బూజు వంతెంత అన్నది 18 కర్రముక్కలతో తేలుతుంది. మీ చేనుగట్టు చాలు. అడవిలోనే పెట్టాలంటే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

మే నెలాఖరులో ఒకే బూరుగ చెట్టు పచ్చి కొమ్మల నుంచి 5 సెంటీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవు ముక్కలు కోసి తూచండి. టేకు వద్దు, దాని చేవను చెదలు అంత తేలిగ్గా ముట్టవు. మూడు ముక్కలను 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టండి. 400 గ్రాములది 200కి దిగితే, మిగతా వాటి పొడి బరువూ సగమేనని లెక్క.

మిగిలిన 15లో ఐదింటిని మైదా జల్లెడంత సన్నని స్టీలు జాలీతో అడుగు సహా పూర్తిగా మూసేయండి. ఐదింటికి అదే జాలీ చుట్టి, పక్కలా అడుగునా వేలు పట్టే రంధ్రాలు చేయండి. ఐదు ఊరికే నేల మీద. రంధ్రాల జాలీ ఎందుకంటే, జాలీ నీడా తేమా కూడా కుళ్లే వేగాన్ని మారుస్తాయి. ఆ తేడాను పురుగుల ఖాతాలో వేయకూడదు. నైలాన్ దోమతెరను చెదలు కొరికేయవచ్చు. కాగితం చీటీలనూ వదలవు, నంబర్లు అల్యూమినియం రేకు మీద గీయండి.

ఇప్పపూల కాలంలో చెట్ల కింద ఆకులు తగలబెడతారు. ఫిబ్రవరిలోనే చుట్టూ రెండు మీటర్లు ఊడ్చి పెట్టకపోతే ఏడాది శ్రమ బూడిదే.

ఏడాదికి తీసి తూచేటప్పుడే ఎక్కువమంది దెబ్బతింటారు. చెదలు కర్ర తిన్నచోట మట్టి కూరుతాయి. పైకి నిండుగా ఉన్న ముక్కను విరిస్తే లోపల ఎర్రమట్టి గోడలు, మధ్య కాగితమంత కర్ర పొరలు. మట్టిని బ్రష్‌తో రాల్చి, కడిగి, మళ్లీ 105 డిగ్రీల వద్ద ఎండబెట్టాకే తూచండి.

రెండూ 200 గ్రాముల పొడి బరువుతో మొదలై, మూసిన జాలీలో 150 గ్రాములు, రంధ్రాల జాలీలో 110 మిగిలాయనుకోండి. పురుగుల వల్ల పోయింది 40. పొడి కర్రలో దాదాపు సగం కార్బన్, అంటే 20 గ్రాములు. అదంతా గాలిలో కలిసిందనుకోవద్దు; కొంత పుట్టలోకి, మట్టిలోకి చేరుతుంది. ఇలాగే జాలీలతో ఆరు ఖండాల్లో 55 చోట్ల చేసిన పరిశోధన 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. ఎండుకర్ర నుంచి ఏటా వెలువడే కార్బన్‌లో పురుగుల వంతు 29 శాతమని అందులో అంచనా కట్టారు.

ఐదింటి సగటే నమ్మండి. ఒక ముక్క పుట్ట పక్కన పడితే అదొక్కటే మాయమైపోతుంది.