నీళ్ల పైపులైను చివర క్లోరిన్ సున్నా వచ్చేది, ఎలా సరిచేశానంటే

మా చిన్న నీళ్ల స్కీము నేనే చూసుకుంటా, వరసగా రెండు శాంపిళ్లలో కోలిఫార్మ్ (నీళ్లలోకి మురికి చేరి ఉండొచ్చని చూపించే బ్యాక్టీరియా) పాజిటివ్ వచ్చేసరికి నిజంగా భయమేసింది, పసిపిల్లలు తాగే నీళ్లు కదా. ముందు ఇంటింటికీ చెప్పాం, కాచి తాగండి అని. క్లోరిన్ డోసు పెంచెయ్ అన్నారు అందరూ, కానీ ట్యాంక్ దగ్గర కొలిస్తే లీటరుకి 0.5 మిల్లీగ్రాములు బాగానే ఉంది, చివరి కుళాయిలో మాత్రం సున్నా, అక్కడ కనీసం 0.2 ఉండాలి. అంటే మధ్యలో ఏదో క్లోరిన్‌ని తినేస్తోంది. లైను వెంట కొలుచుకుంటూ పోతే వాడకం లేని ఒక డెడ్ ఎండ్ పైపు (చివర మూసుకుపోయి నీళ్లు నిలిచిపోయేది) దొరికింది, వాల్వు తిప్పితే ఎర్రటి బురద! తేటపడేదాకా నీళ్లు బయటికి వదిలేశాం. ట్యాంక్ ఎక్కితే గాలిగొట్టం జాలీ చిరిగి ఉంది, అదీ మార్చి, ట్యాంక్ కడిగి మళ్లీ క్లోరిన్ పట్టించాం.

ఇంకోటి, శాంపిల్ బాటిల్లో ముందే వేసి ఉండే థయోసల్ఫేట్‌ని (క్లోరిన్‌ని విరిచేసే మందు) కడిగెయ్యకండి, అది లేకపోతే ల్యాబుకి వెళ్లే దారిలోనే క్లోరిన్ క్రిములని చంపేసి రిపోర్టు తప్పుగా బాగున్నట్టు వస్తుంది.

తర్వాతి టెస్టులో 100 మిల్లీలీటర్లలో కోలిఫార్మ్ లేదు, ఈ.కోలి (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) లేదు. ఇప్పుడు రోజూ చివరి కుళాయి దగ్గరే కొలిచి రిజిస్టర్లో రాస్తున్నా.