పాత కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్: బండికి ఎక్కించే ముందే గాలి పెట్టి చూడండి

ఆషాఢం గాలి మొదలైతే మా కడపలో షెడ్డు బెంచీని ఎంత తుడిచినా గంట తిరిగేలోపు దాని మీద వేలితో పేరు రాయొచ్చు. మాన్యువల్ గేర్‌బాక్స్ ఆ దుమ్మును కొంతవరకు ఓర్చుకుంటుంది గానీ ఆటోమేటిక్ ఓర్చుకోదు. వాల్వ్ బాడీలో, అంటే గేర్లు మార్చే ఆయిల్‌ను దారి మళ్లించే దిమ్మెలో, వాల్వుకూ అది జారే బోరుకూ (రంధ్రానికీ) మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా వాల్వు కదలదు, గేరు మారదు. కాబట్టి పాత కారు ఆటోమేటిక్ బాక్స్ విప్పాలనుకునేవాళ్లు ఈ పనిని గాలి రోజులకు ముందే ముగించండి. కుదరకపోతే తలుపులు, కిటికీలు మూసుకునే గది చూసుకోండి. బనియన్ వేస్టుతో లోపలి భాగాలు తుడవొద్దు. ఆ పోగులు పోయి ఫిల్టర్‌లోనూ సొలెనాయిడ్ల (కరెంటుతో పనిచేసే వాల్వుల) దగ్గరా చేరతాయి. పీచు వదలని గుడ్డ వాడండి, లేదంటే కడిగి గాలితో ఊదండి.

బాక్స్ దించకముందు ఒక పని ఉంది. లీవరు డిలో (ముందుకు), ఆర్‌లో (వెనక్కి), ఎల్‌లో (లో గేరు) వేసి బండి ఎందులో కదిలిందో, ఎందులో కదల్లేదో కాగితం మీద రాసి పెట్టుకోండి. చాలా బాక్సుల్లో సగం రోగం ఆ కాగితమే చెప్తుంది. ఆర్‌లో బాగా పోతూ డిలోనూ ఎల్‌లోనూ కదలకపోతే ఫార్వర్డ్ క్లచ్ (బండిని ముందుకు నడిపే క్లచ్) వైపు చూడాలి. డిలో కదలక ఎల్‌లో మాత్రం కదిలితే వన్‌వే క్లచ్ (ఒక వైపు తిరిగి, రెండో వైపు పట్టేసేది) అరిగిందన్నమాట. అదే లక్షణం కొత్తగా బిగించిన బాక్స్‌లో కనిపిస్తే ఆ క్లచ్‌ను తిరగేసి బిగించారని అనుమానించండి. అది ఏ వైపు తిరగాలో, ఏ వైపు పట్టాలో విప్పేటప్పుడే బాణం గుర్తు గీసుకుంటే ఆ గొడవ ఉండదు. ఎందులోనూ కదలకపోతే ముందు ఆయిల్ లెవెల్, లీవర్ కేబుల్ చూడండి, ఆ తర్వాతే పంపు సంగతి. కేబుల్ జారిన బండికి బాక్స్ మొత్తం విప్పించుకుని వేలకు వేలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. బాక్స్ తిరిగి బిగించాక వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం క్లచ్ ప్లేట్లను అదిమే పిస్టన్ సీలు దగ్గర పుడతాయి. క్లచ్ ప్లేట్లు కూర్చునే డ్రమ్ములోకి పిస్టన్ దింపేటప్పుడు సీలు పెదవి మడతపడుతుంది, లేదా అంచుకు గీరుకుని తెగుతుంది. పైకి ఏమీ కనపడదు. బండికి ఎక్కించి, ఆయిల్ పోసి, డిలో వేశాక ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు మళ్లీ దించుకోవాల్సిందే. అందుకే ప్రతి క్లచ్‌ను బెంచీ మీదే గాలితో పరీక్షించండి. డ్రమ్ముకు ఆయిల్ వచ్చే రంధ్రంలో సుమారు 40 పీఎస్‌ఐ గాలి పెడితే పిస్టన్ లేచి ప్లేట్లను అదుముతూ 'టప్' మనాలి. గాలి తీస్తే వెనక్కి రావాలి. ఆ చప్పుడు రాకుండా 'సుయ్' మని గాలి కారుతూనే ఉంటే సీలు పోయినట్టే. పంక్చర్ షాపు కంప్రెసర్ వాడితే ముందు ట్యాంకులో నీళ్లు వదిలెయ్యండి. కొత్త క్లచ్ ప్లేట్లకు నీళ్లు తగిలితే పైపొర జిగురు వదిలేస్తుంది.

ఆ ప్లేట్లను బిగించే ముందు కనీసం అరగంట ఆయిల్‌లో నాననివ్వాలి. బిగించాక పై ప్లేటుకూ సర్‌క్లిప్‌కూ (ప్లేట్లను పట్టి ఉంచే స్ప్రింగు రింగుకూ) మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, ఆ బాక్స్ సర్వీస్ పుస్తకంలో ఇచ్చిన కొలతతో సరిచూడండి. సందు ఎక్కువైతే గేరు ఆలస్యంగా పడుతుంది, తక్కువైతే ప్లేట్లు రాసుకుని కాలిపోతాయి. సీళ్లకు, బేరింగులకు వేజలైన్ పూయండి, అది వేడికి ఆయిల్‌లో కరిగిపోతుంది. మామూలు గ్రీజు అయితే గడ్డకట్టి దారులు మూస్తుంది. సర్‌క్లిప్ తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, స్ప్రింగు ఒత్తిడికి అది ఎటు ఎగురుతుందో తెలీదు.

కన్వర్టర్‌ను (ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే గుండ్రటి డబ్బాను) తిప్పుతూ బాక్స్ లోపలికి తొయ్యాలి. అది ఒకేసారి దిగదు, మెట్టుమెట్టుగా దిగుతుంది. బాక్స్ ఇంజన్‌కు ఆనించాక కన్వర్టర్‌కూ, ఇంజన్ వైపు ఉండే ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఖాళీ లేకుండా బాక్స్ మొండికేస్తుంటే బోల్టులతో లాగి బిగించొద్దు. అలా లాగితే పంపు పగులుతుంది.

రేడియేటర్‌లో బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌ను, దాని పైపులను కడగకుండా కొత్త బాక్స్ కలిపితే పాత ఇనుప పొడి అంతా మళ్లీ అందులోకే వస్తుంది. పాత ఆయిల్ పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే కూలెంట్ కలిసినట్టు, అప్పుడు రేడియేటర్ మార్చాలి. ఆయిల్ విషయంలో 'అన్నీ ఒకటే' అనే దుకాణదారుడి మాట నమ్మొద్దు. డెక్స్‌రాన్ రకం ఆయిల్ అడిగే బాక్స్ వేరు, టీ-4 రకం అడిగేది వేరు. లెవెల్ చూసే తీరు కూడా వేరువేరు. చాలా బండ్లకు ఇంజన్ వేడెక్కాక, అది నడుస్తుండగా చూడాలి. పాత హోండా అకార్డ్ లాంటివాటికి ఇంజన్ ఆపి నిమిషం, నిమిషంన్నర లోపల చూడాలి.

మొదటి రోజే మా కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్ ఎక్కించకండి. ఊళ్లో, ఆ తర్వాత చదును రోడ్డు మీద తిప్పి, లెవెల్ మళ్లీ చూసి, ఆయిల్ కారడం లేదని తేల్చుకున్నాకే ఆ మలుపులు. ఎక్కాక పాలకోవా దుకాణం దగ్గర ఎటూ ఆగుతారు కదా, అప్పుడు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. మాడు వాసన ఉంటే బండిని చల్లారనిచ్చి, నిదానంగా షెడ్డుకే తిప్పుకోండి.