పాత డాక్యుమెంటరీని చూడటం ఎలా? 3వ పాఠం: చేపల వార్డెన్ వెంట

పోయిన పాఠంలో సౌండ్ తీసేసి చూడటం అలవాటు చేసుకున్నాం. ఈసారి అమెరికాలోని పెన్సిల్వేనియా వాగుల దగ్గరికి వెళ్దాం. అక్కడ 1922 నుంచి స్థానికులు కూడా లైసెన్సు లేకుండా గాలం వేయకూడదు. ఆ లైసెన్సులు చూడటం, పట్టిన చేపల్ని కొలవడం, దొంగచాటు వేటను ఆపడం అప్పట్లో చేపల వార్డెన్ పని. 1940, 50ల్లో ఈ పని మీద తీసిన ఏ చిత్రం దొరికినా అభ్యాసానికి సరిపోతుంది.

ముందు కెమెరా ఎక్కడుందో వెతకండి. వార్డెన్ పొదల చాటున నక్కుతూ వెళ్లి వేటగాణ్ని పట్టుకుంటాడు అనుకుందాం. మరుక్షణం వేటగాడి మొహం ఎదురుగా, దగ్గరగా కనిపిస్తుంది. అంటే కెమెరామన్ అంతకుముందే వాగులో దిగి నిలబడ్డాడు! ఆయన్ని చూసి వేటగాడు పారిపోలేదు మరి. ఆ సీను నటించి తీసిందే. అలాగని పక్కన పడేయకండి. బుట్ట తెరిపించడం, చేపను కొలబద్ద పక్కన చాచి పెట్టడం, చీటీ రాయడం చూడండి. అది రోజూ చేసేవాడి పనితనం. నా మటుకు ఈ చిత్రాల విలువంతా ఆ చేతుల్లోనే ఉంది.

డబ్బాల్లో తెచ్చిన ట్రౌట్ చేపల్ని నీళ్లలో వదిలే సీను వస్తే, అవి ఏ జాతివో అడగండి. బ్రూక్ ట్రౌట్ ఆ వాగుల సొంత చేప. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీ నుంచి అమెరికాకు వచ్చాయి. రెయిన్‌బో ట్రౌట్‌ది అమెరికా పశ్చిమ తీరం. కామెంటరీ దీన్నంతా సంరక్షణ అన్నా, ఇందులో గాలం వేసేవాళ్లకు చేపలు అందించడం కూడా ఉంది.

ఇక ఫ్రేములోకి రానిది. బొగ్గు గనుల ఆమ్లపు నీళ్లు కలిసిన వాగుల్లో రాళ్లు ఇనుప మడ్డితో నారింజ రంగుకు తిరుగుతాయి. బ్లాక్ అండ్ వైట్‌లో అది మామూలు బూడిద రంగే! ఆ రాష్ట్రం 1937లో వాగుల శుభ్రతకు చట్టం చేసినా గని నీళ్లకు మినహాయింపు ఇచ్చింది. 1965 సవరణతో గానీ అది పోలేదు. ఉండాల్సిన పొడవుకు అంగుళం తక్కువ చేప పట్టినవాడు వార్డెన్‌కు దొరికిపోతాడు. వాగునే చంపే గని మీదికి ఆయన చేయి ఎంతవరకు వెళ్లేది? సినిమా అక్కడికి కెమెరా తీసుకెళ్లిందా?

అభ్యాసం: ఒక చిత్రం ఎంచుకుని, వార్డెన్ ఎవరెవర్ని ఆపాడో సీను సమయంతో సహా ఒక వరుసలో రాయండి. ఆ నీళ్లకు హాని చేయగలిగినవాళ్లలో తెర మీద కనిపించనివాళ్లను పక్క వరుసలో రాయండి. ఆ కాగితం దాచుకోండి, నాలుగో పాఠంలో సౌండ్ పెట్టి కామెంటరీ విన్నప్పుడు పనికొస్తుంది.