8 జీబీ ర్యామ్ వేస్తే 3.45 జీబీనే చూపిస్తోందా? దుకాణానికి పరుగెత్తే ముందు బయోస్ చూడండి

కొత్త ర్యామ్ వేయించుకున్న రోజు సాయంత్రమే జనానికి టెన్షన్ మొదలవుతుంది. హనుమకొండ చౌరస్తా దగ్గర పదహారేళ్లుగా కంప్యూటర్లు బాగు చేస్తున్నాను. ఈ ఒక్క ఫిర్యాదు నెలకు రెండు మూడుసార్లయినా నా బల్ల మీదికి వస్తుంది.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో నర్సంపేట నుంచి ఒక తమ్ముడు సీపీయూను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. డిగ్రీ అడ్మిషన్ల రోజులు. ఒక్కో పిల్లకు నాలుగైదు ట్యాబులు తెరవాలి, స్కానర్ నడవాలి, ప్రింట్ పోవాలి. ఉన్న 4 జీబీ చాలడం లేదని ఇంకో 4 జీబీ కొని వేయించుకున్నాడు. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే 8 జీబీ అని ఉంది, దాని పక్కనే 3.45 జీబీ యూజబుల్ అని ఉంది. “అక్కా, పాడైన ర్యామ్ అంటగట్టి నన్ను మోసం చేసిన్రు” అన్నాడు. ర్యామ్ బాగానే ఉంది, అమ్మినవాళ్ల తప్పేమీ లేదు. అతని విండోస్ 32 బిట్‌ది, అంతే.

ఇలాంటి కంప్యూటర్ వస్తే నేను స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒకటే చూస్తాను. బయోస్ ఎంత చూపిస్తోంది, విండోస్ ఎంత చూపిస్తోంది? విండోస్ లేవకముందే మదర్‌బోర్డులో నడిచేది బయోస్. దానికి కనిపించిన ర్యామ్‌లోంచే విండోస్‌కు వాటా వస్తుంది. బయోస్‌లో 8 జీబీ ఉండి విండోస్‌లో తగ్గితే తప్పు సెట్టింగుల్లోనో విండోస్‌లోనో ఉంది, డబ్బా విప్పే పని లేదు. బయోస్‌లోనే తగ్గితే విండోస్‌ను ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా లాభం లేదు, డబ్బా విప్పాల్సిందే. ఈ ఒక్క చూపు చూడకుండానే మదర్‌బోర్డు మార్పించుకున్నవాళ్లను నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బయోస్‌లోకి వెళ్లడానికి కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ ఆపకుండా కొడుతూ ఉండండి. హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10. కొత్త కంప్యూటర్లు కీ నొక్కే టైమ్ కూడా ఇవ్వవు. అప్పుడు విండోస్‌లోనే షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. మొదటి పేజీలోనే టోటల్ మెమరీ లేదా ఇన్‌స్టాల్డ్ మెమరీ అని కనబడుతుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

ముందు బయోస్‌లో సరిగ్గా ఉండి విండోస్‌లో తగ్గిన కేసు చూద్దాం, ఎక్కువమందిది ఇదే. ప్రాపర్టీస్ పేజీలోనే సిస్టమ్ టైప్ అనే వరుస ఉంటుంది. అక్కడ 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ అని ఉంటే ఇక వెతకక్కర్లేదు. 32 బిట్ విండోస్ పెట్టగలిగే చిరునామాలు 32 రెండ్లను వరసగా ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చినన్ని, అంటే 4,294,967,296. ఒక్కో బైటుకు ఒక్కో చిరునామా. లెక్క కడితే అది సరిగ్గా 4 జీబీ. మరి ఆ 4 జీబీ అయినా పూర్తిగా ఎందుకు రాదంటే, గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు లాంటివాటికి కూడా ఆ చిరునామాల్లోంచే ఇవ్వాలి. మన వాడలో మున్సిపాలిటీ దగ్గర నంబర్లు అయిపోయాయనుకోండి, కొత్తగా కట్టిన ఇల్లు కళ్ల ముందే ఉన్నా పోస్ట్‌మన్ ఉత్తరం వేయలేడు. మీ మిగతా ర్యామ్ అలా నంబర్ లేని ఇల్లు.

దీనికి 64 బిట్ విండోస్ వేయడమే దారి. 32 నుంచి 64కు అప్‌గ్రేడ్ బటన్ నొక్కి వెళ్లలేం. సి డ్రైవ్ ఖాళీ చేసి కొత్తగా ఎక్కించాలి. కాబట్టి డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో ఉన్నదంతా ముందే వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. విండోస్ 10 అయితే అదే ఎడిషన్‌కు పాత కీ 64 బిట్‌కు కూడా పనికొస్తుంది. ప్రాసెసర్ 64 బిట్‌కు పనికొస్తుందా అన్నది కూడా ఆ సిస్టమ్ టైప్ వరుసలోనే ఉంటుంది. ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్ అని ఉంటే చాలు.

తొందరపడకుండా ఇంకొకటి చూసుకోవాలి. ఆన్‌లైన్ సెంటర్ల వాళ్లకు వేలిముద్ర యంత్రం, పాత స్కానర్, పాత ప్రింటర్ ఉంటాయి. వాటికి 64 బిట్ డ్రైవర్, అంటే ఆ యంత్రాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాము, దొరుకుతుందో లేదో విండోస్ మార్చకముందే వెతికి పెట్టుకోండి. 32 బిట్ డ్రైవర్లు 64 బిట్ విండోస్‌లో ఎక్కవు. బాగా పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములు అసలే నడవవు. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ అన్నలు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఆ పని పెట్టుకోవద్దు. నర్సంపేట తమ్ముడికి నేను విండోస్ ఎక్కించింది గంటన్నరలో, వేలిముద్ర యంత్రం డ్రైవర్ కోసం పట్టింది ఒక పూట. మర్నాడు తీసుకెళ్లేటప్పుడు తెర మీద 7.89 జీబీ యూజబుల్ అని ఉంది.

ఆ మిగిలిన 0.11 ఏమైందని కూడా అడుగుతారు. అది మామూలే. బోర్డు, గ్రాఫిక్స్ తమకోసం కొంచెం పక్కన పెట్టుకుంటాయి. దాని గురించి దిగులు వద్దు.

32 బిట్‌లోనే మొత్తం ర్యామ్ తెప్పిస్తామని చెప్పే ప్యాచ్‌లు వీడియోల్లో కనబడతాయి. నేను ఎవరి కంప్యూటర్‌లోనూ వేయలేదు, వేయను. అవి విండోస్ మూల ఫైళ్లను మార్చేస్తాయి. పదిమంది ఆధార్ నంబర్లు, బ్యాంక్ కాగితాలు ఉండే కంప్యూటర్‌లో అలాంటిది పెట్టడం తప్పు. ఇంకో మాట, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. ఎలాగూ కొత్తగా ఎక్కిస్తున్నప్పుడు మీ కంప్యూటర్ దానికి సరిపోతుందేమో అడగండి.

64 బిట్ ఉండి కూడా తగ్గితే? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద కుడివైపు హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని ఒక అంకె ఉంటుంది. పోయిన ర్యామ్ అక్కడ దొరుకుతుంది. ఎన్ని స్లాట్లు వాడుతున్నారో కూడా అక్కడే ఉంటుంది.

అది 2 జీబీ దాకా ఉండి, మీది ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్ అయి, వేరే గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఆ ర్యామ్ ఎక్కడికీ పోలేదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ దాన్ని తీసుకుంది. 8కి 5.9 చూసి కంగారుపడేవాళ్లలో చాలామంది వీళ్లే. బయోస్‌లో యూఎమ్ఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ అనే వరుస ఉంటుంది, 2జీ (2 జీబీ) నుంచి 512ఎమ్‌కు (అర జీబీకి) తగ్గించవచ్చు. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ మాత్రమే వాడేవాళ్లకు 512 చాలు. పిల్లలు గేమ్స్ ఆడతారంటే ముట్టుకోకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస కనబడదు. అప్పుడు ఉన్నదానితో సర్దుకోవాలి.

హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ మరీ ఎక్కువగా, 4 జీబీ దాకా చూపిస్తే నేను ముందు అనుమానించేది ఒక టిక్ గుర్తును. కాజీపేట నుంచి డిగ్రీ ఫైనలియర్ చదివే చెల్లె ల్యాప్‌టాప్ తెచ్చింది. 8 జీబీలో సగమే కనబడుతోంది, ప్రాజెక్ట్ సబ్‌మిషన్ మూడు రోజుల్లో ఉంది, పిల్ల ముఖం వాడిపోయి ఉంది. కంప్యూటర్ స్పీడ్ పెంచుకోవడం ఎలా అన్న వీడియో చూసి, అందులో చెప్పినట్టే మ్యాగ్జిమమ్ మెమరీ అన్న చోట టిక్ పెట్టిందట. ఆ టిక్ ర్యామ్‌ను పెంచదు, ఇంతకు మించి వాడొద్దని విండోస్‌కు హద్దు పెడుతుంది. తీసేయడం చాలా తేలిక. స్టార్ట్ దగ్గర సిస్టమ్ కాన్ఫిగరేషన్ అని వెతకండి. బూట్ అనే ట్యాబ్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. మ్యాగ్జిమమ్ మెమరీ పక్కన టిక్ ఉంటే తీసేసి, ఓకే నొక్కి, రీస్టార్ట్ చేయండి. అంకెను మార్చడం కాదు, టిక్‌నే తీసేయాలి. ఐదు నిమిషాల్లో అయిపోయింది, డబ్బులు తీసుకోలేదు.

పాత డెస్క్‌టాప్‌లలో ఇంకొకటి ఉంటుంది, మెమరీ రీమ్యాప్. కార్డులకు చిరునామాలు పోగా మిగిలిపోయిన ర్యామ్‌కు 4 జీబీ పైన చిరునామాలు ఇచ్చే సెట్టింగ్ అది. 64 బిట్ విండోస్ ఉన్నా 3.2 దగ్గరే ఆగితే బయోస్‌లో దాన్ని వెతికి ఎనేబుల్ చేయండి. ఎనేబుల్ చేసినా స్విచ్ ఆఫ్ చేసి వేస్తే మళ్లీ మొదటికొస్తోందంటే బోర్డు మీది సెల్ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా ఇస్తారు.

ఇక బయోస్‌లోనే తగ్గిన కేసు. ఇందులో నాకు బాగా గుర్తున్నది ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం కంప్యూటర్. 4 జీబీవి రెండు ఉంటే ఒకటే కనబడుతోంది. డబ్బా విప్పితే లోపల పత్తి నూగు ఉండలు కట్టి ఉంది, దాని మీద ఎర్రగా మిర్చి దుమ్ము. మూతికి గుడ్డ కట్టుకోకుండా విప్పితే పది నిమిషాలు తుమ్ములే. మార్కెట్ దగ్గర, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండే కంప్యూటర్లకు ర్యామ్ కంటే ముందు దుమ్మునే అనుమానించాలి.

పని ఇలా చేయండి. ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కూడా పోతుంది. క్లిప్పులు తెరిచి ర్యామ్ బయటకు తీయండి, అంచులు పట్టుకోండి, చిప్పులు ముట్టుకోవద్దు. కింద బంగారు రంగు పళ్లను తెల్ల రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొడి రాలకుండా మెత్తని బ్రష్‌తో దులపండి. స్లాట్‌ను పొడి బ్రష్‌తోనే. నోటితో ఊదకండి, తేమ పోతుంది లోపలికి. గీకుడు కాగితం వద్దేవద్దు. తిరిగి పెట్టేటప్పుడు గాటు సరిచూసి, రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్పులు టక్‌మని పడాలి. ఒకవైపే పడితే అది కూర్చోనట్టే. ఆ అడ్తి కంప్యూటర్ ఇంత చేయగానే 8 జీబీ చూపించింది.

తుడిచినా రాకపోతే ఏది పాడైందో తేల్చాలి. ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి ఆన్ చేయండి. అదే ర్యామ్‌ను రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. తర్వాత రెండో ర్యామ్‌తో ఇదే చేయండి. నాలుగు ప్రయత్నాలు, నాలుగూ కాగితం మీద రాసుకోండి, బుర్రలో పెట్టుకుంటే కలగాపులగం అవుతాయి. ఏ స్లాట్‌లో పెట్టినా ఒక ర్యామ్ కనబడకపోతే ర్యామ్ పోయింది. ఏ ర్యామ్ పెట్టినా ఒక స్లాట్ పలకకపోతే స్లాట్ వైపు తప్పు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే ర్యామ్‌లు ఉంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి.

స్లాట్ పలకకపోతే వెంటనే బోర్డు పోయిందనుకోవద్దు. ఈమధ్య ప్రాసెసర్ ఫ్యాన్ మార్చారా అని అడుగుతాను. ఇంటెల్ బోర్డుల్లో ప్రాసెసర్ కింద సాకెట్‌లో వందల సన్నని పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా ఒక వైపు ర్యామ్ కనబడకుండా పోతుంది. ఫ్యాన్ స్క్రూలు ఒకవైపు మరీ బిగించినా అంతే. స్క్రూలు కొంచెం వదులు చేసి సమానంగా బిగించడం మీరు చేయవచ్చు. పిన్నులను మాత్రం అలవాటున్నవాళ్లకే వదిలేయండి, భూతద్దం కింద చేసే పని అది.

చివరగా, బోర్డుకే హద్దు ఉంటుంది. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నవాళ్లకు ఇది ముఖ్యం. ఇంటెల్ జీ31 బోర్డు 4 జీబీ దాటదు, జీ41 8 జీబీ దాటదు, హెచ్61 16 జీబీ దాటదు. 945 బోర్డులైతే 4 జీబీ పెట్టినా, 64 బిట్ వేసినా మూడు జీబీ పైచిలుకే. జీ41తో ఇంకో చిక్కుంది. డీడీఆర్3 4 జీబీ ర్యామ్‌కు రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నది అడిగి తీసుకోండి. ఎనిమిది చిప్పులది దానికి పడదు, సగమే చూపిస్తుంది లేదా అసలు ఆన్ కాదు. ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3, డీడీఆర్3ఎల్ చూడడానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లోనూ పడతాయి. కానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. ఎల్ కావాల్సిన చోట మామూలుది పెడితే కనబడదు. కొనేటప్పుడు పాత ర్యామ్‌ను జేబులో వేసుకుని వెళ్లి, దాని మీది స్టిక్కర్ చూపించి అడగండి.

అన్నీ సరిపోయి మొత్తం జీబీలు కనబడ్డాక ఒక రాత్రి విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ పెట్టి వదిలేయండి, స్టార్ట్‌లో ఆ పేరుతోనే దొరుకుతుంది. ర్యామ్ కొన్న దుకాణం మార్చి ఇచ్చే గడువులోపే ఈ పరీక్ష చేయాలి. తప్పులున్నాయని తెర మీద వస్తే దాన్ని ఫొటో తీసుకోండి. బయోస్ ఫొటో, నాలుగు ప్రయత్నాలు రాసిన కాగితం కూడా తీసుకుని బిల్లుతో పాటు దుకాణానికి వెళ్లండి.