రోజుకో అరగంట కరుణా ధ్యానం
కళ్లు మూసుకుని, మీకు బాగా దగ్గరివాళ్లు కష్టపడ్డ సందర్భం ఒకటి తలచుకోండి. ‘నీ బాధ తీరాలి, నువ్వు హాయిగా ఉండాలి’ అని మనసులో అనుకోండి. తర్వాత మీకోసం, ముక్కూమొహం తెలియని మనిషి కోసం, చివరికి మీకు గిట్టనివాళ్ల కోసం. అక్కడికొచ్చేసరికి ఛాతీ బిగుసుకుంటుంది, మాట రాదు. ఫర్వాలేదు, మళ్లీ దగ్గరివాళ్లను తలచుకుని రండి.

విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 30 నిమిషాల చొప్పున 2 వారాలు ఇలా సాధన చేసినవాళ్లు, డబ్బు పంచే ఆటలో అన్యాయానికి గురైన అపరిచితుడి కోసం తమ డబ్బును మరో రకం శిక్షణ పొందినవాళ్లకంటే ఎక్కువ వదులుకున్నారు. ఎదుటివారి బాధను గ్రహించే, భావోద్వేగాలను అదుపుచేసే మెదడు భాగాల స్పందనలోనూ మార్పు కనిపించింది. నిజంగా రెండు వారాలే! ఈ రాత్రే మొదలుపెట్టండి.