కొత్త రగ్బీ లీగ్ క్లబ్బుకు గొంతు ఎలా వస్తుంది: మ్యాచ్ రోజు సందడినీ అభిమానుల సంప్రదాయాన్నీ పెంచే పద్ధతి

1996 మార్చి 29న ప్యారిస్‌లోని షార్లెటీ స్టేడియంలో, ప్రధానంగా ఇంగ్లండ్ క్లబ్బులు ఆడే అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ అయిన సూపర్ లీగ్ మొట్టమొదటి మ్యాచ్ జరిగింది. ఆ పోటీ కోసమే ఏర్పడిన ప్యారిస్ సెయింట్ జర్మెయిన్ రగ్బీ లీగ్ జట్టు షెఫీల్డ్ ఈగల్స్‌ను 30-24తో ఓడించింది. ఆ రాత్రి 17,873 మంది వచ్చారు. కొత్త క్లబ్బు ఇంతకంటే మంచి ఆరంభాన్ని కోరుకోలేదు. అయినా 1997 సీజన్ ముగిశాక ఆ క్లబ్బు మిగలలేదు. రెండో ఏట జట్టులో ఎక్కువమంది ఆస్ట్రేలియా నుంచి రప్పించినవారే కావడంతో, పక్కన కూర్చున్న పిల్లవాడికి ఒక ఆటగాణ్ణి చూపించి "ఇతను మన పేటవాడు" అని చెప్పుకొనే వీలు ప్యారిస్ ప్రేక్షకుడికి దక్కలేదు. మైదానానికి జనాన్ని రప్పించడానికి ఒక మంచి ప్రకటన చాలు. ఆ జనం వర్షంలో కూడా, ఓడిపోతున్న జట్టు కోసం కూడా మళ్ళీ రావాలంటే వేరే రకమైన కృషి కావాలి. కొత్త క్లబ్బులో ఆ బాధ్యత నెత్తిన పెట్టుకున్నవారికి పనికొచ్చే విషయాలను ఇక్కడ చెబుతున్నాను.

ఆటతో పరిచయం లేనివారికి రెండు మాటలు చెప్పాలి. రగ్బీ లీగ్‌లో ఒక్కో జట్టుకు 13 మంది ఆడతారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో సమావేశమైన ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు, ఆట కోసం పని మానుకున్న కార్మికులకు ఆ నష్టం చెల్లించాలన్న పట్టుదలతో విడిపోయి పెట్టుకున్న ఆట ఇది. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివారు చుట్టుముట్టి నేలకు దించే తీరు మన కబడ్డీ చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. ఒక జట్టు అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. ఈ ఆరు లెక్కను గుర్తుంచుకోండి, అభిమానుల నినాదాలకు తాళం వేసేది అదే.

ముందుగా ఊళ్ళో ఏముందో చూడండి

పేరునూ రంగులనూ గుర్తునూ ప్రకటనల సంస్థకు అప్పగించే ముందు ఆ ఊళ్ళో ఈ ఆటను ఇప్పటికే ప్రేమిస్తున్నవారు ఎవరో వెతకాలి. కొత్త క్లబ్బు అంటే ఖాళీ స్థలం అనుకోవడం పెద్ద పొరపాటు. దక్షిణ ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్‌ను చూడండి. అక్కడి ట్రేజ్ కాటలన్, సెంటెస్తెవ్ క్లబ్బులు 2000లో కలిసిపోయాయి, ఆ సంఘమే 2006లో కాటలన్స్ డ్రాగన్స్ పేరుతో సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. జట్టు వేసుకున్న నెత్తుటి ఎరుపు, బంగారు పసుపు రంగులు ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న కాటలన్ ప్రజల జెండా రంగులే. పైగా ఆ ప్రాంతంలో ఈ ఆటకు ఒక గాయం ఉంది: 1941లో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి సహకరించిన ఫ్రాన్స్ విషీ ప్రభుత్వం రగ్బీ లీగ్‌ను నిషేధించి దాని ఆస్తులను స్వాధీనం చేసుకుంది, యుద్ధం ముగిసిన తర్వాత కూడా దశాబ్దాల పాటు 'రగ్బీ' అనే మాటను ఈ ఆట పేరులో వాడుకోనివ్వలేదు. తాతల నోట ఆ కథ విని పెరిగిన మనిషి ఆ క్లబ్బు సొంత మైదానమైన జిల్బేర్ బ్రుతూస్ స్టేడియంలో కూర్చుంటే, అతనికి ఎవరూ నినాదం నేర్పనక్కరలేదు. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వ కాలంలో పుట్టిన ఒక కాటలన్ పాటను అక్కడి జనం గొంతెత్తి పాడతారు. ఆ క్లబ్బు 2018లో వెంబ్లీలో వారింగ్టన్‌ను 20-14తో ఓడించి, ఓడితే ఇంటికే అన్న తీరులో సాగే ఛాలెంజ్ కప్ పోటీ గెలిచింది. ఇంగ్లండ్ వెలుపలి జట్టు ఆ కప్పును ఎత్తుకుపోవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది మే 18న విగాన్‌తో మ్యాచ్‌ను స్పెయిన్‌లో బార్సిలోనాలోని కాంప్ నౌ ఫుట్‌బాల్ స్టేడియంలో పెడితే 31,555 మంది వచ్చారు. సరిహద్దుకు అవతల కూడా అదే భాష, అవే రంగులు ఉన్నాయన్న ఎరుకతో చేసిన పని అది.

బ్రిస్బేన్‌లోని డాల్ఫిన్స్ మరో దారి పట్టింది. 2023లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ క్లబ్బులు ఆడే అగ్రశ్రేణి పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లోకి వచ్చిన ఈ క్లబ్బు కొత్తదే అయినా, దాని వేరు 1947లో పుట్టిన రెడ్‌క్లిఫ్ డాల్ఫిన్స్‌లో ఉంది. చుట్టుపక్కల ప్రాంతాలవారు కూడా తమదనుకోవాలన్న ఉద్దేశంతో పేరులోంచి ఊరి పేరును తీసేశారు. ఊరి పేరు పోతే ఊరివారి మమకారం పోతుందేమోనని అప్పట్లో చాలామంది భయపడ్డారు, నాకూ ఆ అనుమానం ఉండేది. కానీ ఎరుపు రంగు, డాల్ఫిన్ గుర్తు, రెడ్‌క్లిఫ్‌లోని పాత మైదానం అలాగే ఉండడంతో ఆ మమకారం చెదరలేదు. 2023 మార్చి 5న సిడ్నీ రూస్టర్స్‌ను 28-18తో ఓడించిన తొలి మ్యాచ్ నుంచే, తలమీద చేతులతో డాల్ఫిన్ వీపు రెక్కను చూపిస్తూ "ఫిన్స్ అప్" (రెక్కలు పైకి) అని అరవడం అలవాటైంది. ఆ సైగలో ఉన్న సుగుణాన్ని గమనించండి: దానికి డబ్బు ఖర్చు లేదు, భాష అడ్డం రాదు, మూడేళ్ళ పాప కూడా చేయగలదు, దూరం నుంచి చూసినా ఏ జట్టు మనిషో తెలుస్తుంది. మీ క్లబ్బు కోసం ఒక గుర్తు వెతుకుతుంటే ఈ నాలుగు పరీక్షలూ పెట్టి చూడండి.

2027లో ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆడబోతున్న పెర్త్ బేర్స్‌కు ఈ పని రెండింతలు. పేరూ, ఎరుపు నలుపు రంగులూ 1908 నాటి నార్త్ సిడ్నీ క్లబ్బువి, మైదానం మాత్రం దేశానికి అవతలి కొసన ఉంది. పెర్త్‌కు సొంత జ్ఞాపకం లేకపోలేదు: 1995 నుంచి 1997 దాకా వెస్టర్న్ రెడ్స్ జట్టు అక్కడే ఆడింది. అలాంటి చోట నేనైతే తొలి సీజన్‌కు ఏడాది ముందే ఒక నోటు పుస్తకం పట్టుకుని పిల్లల క్లబ్బుల మైదానాల చుట్టూ తిరిగి, పాత రెడ్స్ జెర్సీని బీరువాలో దాచుకున్నవారిని వెతికి, మీరు ఎవరితో కలిసి ఆటకు వెళ్ళేవారు, ఎక్కడ నిలబడేవారు, ఏమని అరిచేవారు అని అడుగుతాను. ఆ జవాబుల్లో దొరికినదాన్ని ఏ సలహాదారుడూ ఇవ్వలేడు. ఆ మనుషులనే తొలి మ్యాచ్‌లో ముందు వరుసలో కూర్చోబెట్టాలి.

ఆట లయను బట్టి గొంతు

ఇతర ఆటల నుంచి నినాదాలను అరువు తెచ్చుకున్న క్లబ్బులు చాలా వరకు ఇక్కడే తడబడతాయి. ఫుట్‌బాల్‌లో పొడుగాటి పాట నడుస్తుంది, ఎందుకంటే బంతి చాలాసేపు మధ్యలోనే తిరుగుతూ ఉంటుంది. రగ్బీ లీగ్‌లో ఆరు పట్టుల వరుస నిమిషం లోపే అయిపోతుంది. పట్టుబడినవాడు లేచి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఆ సందులో ఇమిడే నినాదమే ఇక్కడ నిలుస్తుంది, అంటే రెండు మూడు మాటలు, రెండు దెబ్బల డోలు, ఒక విరామం. మన డప్పు దరువు తెలిసినవారికి ఈ లెక్క చెప్పకుండానే తెలుస్తుంది. ప్రతి పట్టుకూ ఒక దరువు వేసి, ఐదో పట్టు దగ్గర వేగం పెంచి, ఎదుటివాడు బంతిని తన్నే క్షణంలో జనం ఒక్కసారిగా లేచేలా చూడాలి.

అన్నిటికంటే విలువైన క్షణం మన జట్టు ట్రై చేసినప్పటిది, అంటే ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింట్లు తెచ్చినప్పటిది కాదు. మన గీతకు ఐదు మీటర్ల దూరంలో ఎదుటి జట్టు వరుసగా దాడి చేస్తుంటే, అలసిపోయిన మనవాళ్ళు నేలమీంచి లేచి మళ్ళీ వరుస కట్టేటప్పుడు వచ్చే గొంతు అసలైనది. ట్రై చేస్తే దారిన పోయేవాడు కూడా చప్పట్లు కొడతాడు, కానీ ఆరుసార్లు ఆపినందుకు లేచి నిలబడడం నేర్చుకున్న జనమే అభిమానులు. అందుకని మొదటి సీజన్‌లో డోలు పట్టుకున్నవారికి ఒకే ఒక్క పని అప్పగించండి: రక్షణలో ఉన్నప్పుడు ఆగకుండా కొట్టడం. దాడిలో ఉన్నప్పటి ఉత్సాహం దానంతట అదే వస్తుంది.

వేడుక లాంటి క్రతువు ఒకటి ఆటకు ముందు ఉంటే మంచిది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా రైడర్స్ 2016లో, ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ అభిమానులు లోకానికి చూపించిన వైకింగ్ చప్పట్లను అందిపుచ్చుకుంది. కొమ్ముబూర ఊదాక స్టేడియమంతా చేతులు పైకెత్తి నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోతుంది. వైకింగ్ వారి గుర్తే కాబట్టి ఆ అరువు అతికింది. మీ గుర్తుకు సంబంధం లేనిదాన్ని తెచ్చి పెడితే మూడో మ్యాచ్‌కే చేతులు కిందికి దిగిపోతాయి.

జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి

20,000 సీట్ల మైదానానికి 6,000 మంది వస్తారనుకోండి, వారిని నాలుగు వైపులా చల్లితే స్టేడియం శ్మశానంలా ఉంటుంది. ఒక స్టాండ్‌ను పూర్తిగా మూసివేసి, కెమెరాలకు ఎదురుగా ఉన్న వైపును నింపండి. పక్కవాడి భుజం తగిలేలా ఉన్నప్పుడే మొహమాటస్తుడు కూడా నోరు తెరుస్తాడు. గోల్ స్తంభాల వెనుక ఒక భాగాన్ని నిలబడి చూసేవారికి కేటాయించి, అక్కడి టికెట్ ధరను అన్నిటికంటే తక్కువగా ఉంచండి. డోళ్ళు, జెండాలు ఉండేది అక్కడే. దాని పక్కనే కుటుంబాల విభాగం పెట్టవద్దు, దూరంగా పెట్టండి. ఉచిత టికెట్లను విచ్చలవిడిగా పంచితే సీటు విలువ పోతుంది. పిల్లలకు పాఠశాలల ద్వారానో, జూనియర్ క్లబ్బుల ద్వారానో ఉచితంగా ఇచ్చి, వెంట వచ్చే పెద్దవారి దగ్గర కొంతైనా తీసుకోవడం మేలు.

బయటి ఊరి అభిమానులను అతిథులుగా చూడండి. ఇంగ్లండ్ రగ్బీ లీగ్‌లో రెండు జట్లవారూ సాధారణంగా కలిసే కూర్చుంటారు, ఈ ఆటకు అది గర్వకారణమైన ఆచారం. కొత్త క్లబ్బు దాన్ని కాపాడాలంటే బూతులకూ జాతి దూషణకూ మొదటి రోజు నుంచే గట్టిగా అడ్డుకట్ట వేయాలి. ఫిర్యాదు పంపే ఫోన్ నంబరును ప్రతి వరుసలో అతికించండి, వచ్చిన ఫిర్యాదుపై అదే మ్యాచ్‌లో చర్య తీసుకోండి. బ్రిస్బేన్, పెర్త్ లాంటి నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల వంటి కొత్తవారు ఒకసారి వచ్చి చూసి మళ్ళీ రావాలా వద్దా అని తేల్చుకునేది స్కోరును బట్టి మాత్రమే కాదు, వెనక వరుసలోంచి వినబడిన మాటలను బట్టి కూడా.

మైకు, సంగీతం, మస్కట్ (జట్టు గుర్తు వేషం)

ఒక కొత్త జట్టు మ్యాచ్‌లో నేను కళ్ళారా చూసిన సంగతి చెబుతాను. గోల్ స్తంభాల వెనుక ఉన్న పాతికమంది కుర్రాళ్ళు మూడు వారాలుగా సాధన చేసిన నినాదాన్ని స్క్రమ్ (ఆగిన ఆటను మళ్ళీ మొదలుపెట్టడానికి రెండు జట్లవారూ భుజాలు కలిపి గుమికూడడం) సమయంలో ఎత్తుకున్నారు. పక్క స్టాండ్‌లో ఒక పెద్దావిడ, ఆమె మనవరాలు దాన్ని అందుకున్నారు, వారి వెనుక వరుస కూడా కదిలింది. సరిగ్గా అప్పుడే లౌడ్‌స్పీకర్లలోంచి ఒక పాట దద్దరిల్లింది. కుర్రాళ్ళు రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నారు. ఆ పెద్దావిడ కూర్చుంది. మళ్ళీ ఆ సాయంత్రం ఆ వైపు నుంచి గొంతు లేవలేదు. పాట వేసినతనిది చెడ్డ ఉద్దేశమేమీ కాదు, నిశ్శబ్దాన్ని నింపమని మాత్రమే అతనికి చెప్పి ఉంటారు. అందుకే రాతపూర్వకంగా ఒక నియమం పెట్టండి: బంతి ఆటలో ఉన్నంతసేపూ, జనం గొంతు వినబడుతున్నంతసేపూ మైకు మూగబోవాలి.

అంటే ప్రదర్శన వద్దని కాదు. 1996లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ క్లబ్బు బుల్స్‌గా మారినప్పుడు సంగీతం, ఎద్దు వేషం, కిక్కర్ దగ్గరికి బంతి పీటను మోసుకొచ్చే రిమోట్ కారు అన్నీ పెట్టింది, ఓడ్సల్ మైదానం నిండింది. ఆ ఊపును 'బుల్‌మేనియా' అన్నారు, 1997లో జట్టు ఛాంపియన్ కూడా అయింది. అక్కడ ఆ హంగు ఆటకు ముందూ, ట్రై తర్వాతా, విరామంలోనూ నడిచింది. ఆటగాళ్ళు బడులకు వెళ్ళి పిల్లలతో గడిపేవారు కాబట్టి ఆ పిల్లలు శనాదివారాల్లో చూడవచ్చింది ఎద్దు వేషాన్ని ఒక్కదాన్నే కాదు.

నినాదం విషయంలో క్లబ్బు వెనక నడవడమే మంచిది. న్యూజీలాండ్ వారియర్స్‌కు 2023లో దేశమంతా మారుమోగిన "అప్ ద వాస్" (వారియర్స్‌కు జై అన్నట్టు) అనే కేకను ఏ కార్యాలయమూ తయారు చేయలేదు. అభిమానుల నోట పుట్టింది, క్లబ్బు దాన్ని గౌరవించింది. అలాంటిది మీ స్టాండ్‌లో వినబడితే వెంటనే చొక్కాల మీద అచ్చు వేసి అమ్మకండి. కనీసం ఒక సీజన్ దాన్ని వారికే వదిలేసి, ఆ తర్వాత వారినే అడిగి చేయండి.

మ్యాచ్ ముగిశాక

ఓడినా గెలిచినా ఆటగాళ్ళు ఇరవై నిమిషాల పాటు కంచె వెంట నడిచి పిల్లలతో మాట్లాడాలని ఒప్పందంలోనే రాయించుకోండి. కెనడాలోని టొరంటో వుల్ఫ్‌ప్యాక్ 2017లో ఇంగ్లండ్ మూడో అంచె నుంచి మొదలుపెట్టి లాంపోర్ట్ స్టేడియానికి వేలమందిని రప్పించగలిగిందంటే, మ్యాచ్ తర్వాత ఆటగాళ్ళు అభిమానుల మధ్యకు వచ్చి నిలబడే అలవాటు దానికి ఒక ముఖ్య కారణమని నా నమ్మకం. కానీ 2020లో సూపర్ లీగ్‌కు చేరిన ఏడాదే, కోవిడ్ మధ్యలో డబ్బు ఆగి, ఆ జట్టు జూలైలో పోటీ నుంచి తప్పుకుంది. కాబట్టి యజమాని సొమ్ముతో సంబంధం లేకుండా సొంత ఖాతా, సొంత ఎన్నికలు, సొంత జెండాలు ఉన్న అభిమానుల సంఘాన్ని మొదటి ఏడే ఏర్పడనివ్వండి. అది మిమ్మల్ని విమర్శిస్తుంది, విమర్శించనివ్వండి. బయటి ఊళ్ళ మ్యాచ్‌లకు బస్సు ఏర్పాటు చేసే పని కూడా దానికే అప్పగిస్తే మంచిది, ఎందుకంటే ఆరు గంటల ప్రయాణంలో పక్కపక్కన కూర్చున్నవారు తిరిగి వచ్చేసరికి ఒకరి ఇంటి సంగతులు ఒకరికి చెప్పుకొని ఉంటారు.

ప్రతి సొంత మైదానం మ్యాచ్ తర్వాత రెండు మూడు రోజుల్లో మైకు మనిషినీ, డోలు కొట్టేవారినీ, గేటు దగ్గరి వాలంటీర్లలో ఒకరినీ, కుటుంబాల విభాగం నుంచి ఒక తల్లినో తండ్రినో కూర్చోబెట్టి అరగంట మాట్లాడండి. వీడియో పెట్టి, బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే వినండి. ఏ నిమిషంలో మైదానం నిశ్శబ్దమైపోయిందో, ఏ నిమిషంలో ఎవరూ చెప్పకుండా లేచిందో కాగితం మీద రాసుకోండి. తర్వాతి మ్యాచ్‌కు మార్చేది ఒక్క విషయమే ఉండాలి.